వెతికితే దొరకని చేనేత!
అంతర్జాల అంగడిలో మంగళగిరి, చీరాల వస్త్రాలకు వెనుకవరుసే
పేరు మనది.. గిరాకీ పరులది
శోధన ఫలితాల్లో చోటు దక్కితేనే నేతన్నకు లాభం

మంగళగిరి: మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, రోజంతా నాడె విసిరి నేసిన చీరకు దేశవిదేశాల్లో పేరుంది. ఆ పేరును కంప్యూటర్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో టైపు చేసి వెతికే కొనుగోలుదారులూ ఉన్నారు. అయితే వెతికిన వారికి ముందుగా కనిపించేది చాలాసార్లు నేసిన వారి దుకాణం కాదు. మహానగరాల్లోని పెద్ద సంస్థలు, చేతులు మార్చి అమ్మే వ్యాపారులు, కొన్ని సందర్భాల్లో మరమగ్గంపై నేసి అదే పేరు తగిలించిన సరకు ముందు వరుసలో నిలుస్తున్నాయి. వెబ్‌సైట్ పెట్టుకున్న స్థానిక నేత కుటుంబాలు, చిన్న దుకాణదారులు, సహకార సంఘాలు మాత్రం ఎక్కడో వెనుక పేజీల్లో మిగిలిపోతున్నారు. ఆన్‌లైన్‌లో దుకాణం తెరవడం ఒక ఎత్తు, ఆ దుకాణం దారి కొనుగోలుదారుకు తెలియడం మరో ఎత్తు. ఈ రెండో అంశంపై గుంటూరు, ప్రకాశం ప్రాంతాల చేనేత రంగం ఇకనైనా దృష్టి సారించవలసిన అవసరం కనిపిస్తోంది.

ఇది సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2009-10 జాతీయ చేనేత గణనలో దేశవ్యాప్తంగా 43.31 లక్షల మంది నేత, అనుబంధ కార్మికులు ఉండగా, 2019-20 గణన నాటికి ఆ సంఖ్య 35.22 లక్షలకు పడిపోయింది. మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల నెలసరి ఆదాయం ఐదు వేల రూపాయల లోపేనని అదే గణన తేల్చింది. నేసిన చీరకు, అమ్ముడైన చీరకు మధ్య ధరలో ఉండే వ్యత్యాసం ఎవరి చేతికి చేరుతోందన్నదే అసలు ప్రశ్న. కొనుగోలుదారు ఏ గుమ్మం ముందు ఆగితే ఆ వ్యత్యాసం ఆ గుమ్మానికే దక్కుతుంది. నేడు ఆ గుమ్మాన్ని చూపిస్తున్నది సెర్చ్ ఇంజినే.

గుర్తింపు ఉన్నా.. కనిపించని వైనం

మంగళగిరి చీరలు, వస్త్రాలకు 2012-13లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు ముందే గుంటూరు సన్నం మిరపకూ ఆ హోదా దక్కింది. పల్నాడులోని దుర్గి శిల్పాలు కూడా ఆ జాబితాలో చేరాయి. ఒక ప్రాంతపు పేరును ఆ ప్రాంతానికి చెందని సరకుపై వాడకుండా చట్టపరమైన రక్షణ కల్పించడమే ఈ గుర్తింపు ఉద్దేశం. దీనికి తోడు కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అసలు చేనేతను గుర్తుపట్టేందుకు 2006లో చేనేత మార్కును, 2015 ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవం నాడు ‘ఇండియా హ్యాండ్లూమ్’ బ్రాండును కేంద్రం ప్రవేశపెట్టింది.

చట్టాలు, మార్కులు నకిలీని శిక్షించడానికి పనికొస్తాయే తప్ప అసలును వెతికి చూపించవు. భౌగోళిక గుర్తింపు ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన సెర్చ్ ఇంజిన్ ఎవరినీ ముందు వరుసలో కూర్చోబెట్టదు. ఆ పత్రం సంఘం కార్యాలయంలో గోడకు వేలాడుతుంటే అది గూగుల్‌కు తెలిసే మార్గమే లేదు.

పేరును కాపాడుకోకపోతే ఏమవుతుందో చీరాలకు తెలియనిది కాదు. ఒకప్పుడు నూనెలో నానబెట్టిన నూలుకు రంగులద్ది నేసిన తేలియా రుమాళ్లు చీరాల నుంచి సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. కాలక్రమంలో ఇక్కడ ఆ నేత మరుగున పడింది. తెలంగాణలోని పుట్టపాక నేతకారులు ఆ విద్యను నిలబెట్టుకున్నారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు పొందారు. అందుకు వారు పూర్తిగా అర్హులు. అయితే నేడు తేలియా రుమాలు గురించి అంతర్జాలంలో వెతికే వారికి చీరాల పేరు చరిత్రలో ఒక వాక్యంగానే మిగిలింది. ప్రస్తుతం కుప్పడం పట్టుకు ఉన్న పేరైనా నిలవాలంటే దాని గురించి రాసి పెట్టే పని జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెంలలోనే మొదలు కావాలి.

యార్డులో మచ్చు.. తెరపై పేజీ

సెర్చ్ ఇంజిన్ పనితీరు గుంటూరు మిర్చియార్డు గురించి తెలిసిన వారికి అంత కొరుకుడు పడనిదేమీ కాదు. యార్డుకు వేల సంఖ్యలో టిక్కీలు వస్తాయి. కొనుగోలుదారు ప్రతి టిక్కీనీ విప్పి చూడడు. ‘తేజ’ కావాలన్నవాడు తేజ ఉన్న చోటికే వెళతాడు, మచ్చు చూస్తాడు, రంగు, తేమ పరిశీలిస్తాడు, నమ్మకమున్న కమీషన్ దుకాణానికి ప్రాధాన్యమిస్తాడు. రకం పేరు చెప్పని, మచ్చు చూపని సరకు ఎంత మేలైనదైనా మూలనే ఉంటుంది.

సెర్చ్ ఇంజిన్ కూడా మూడు అంచెల్లో పనిచేస్తుంది. మొదట దాని యంత్రాలు ఒక లింకు నుంచి మరో లింకుకు వెళుతూ పేజీలను చదువుతాయి. రెండో అంచెలో ఆ పేజీ దేని గురించో అర్థం చేసుకుని సూచికలో నమోదు చేస్తాయి. చివరగా ఎవరైనా ఒక మాట టైపు చేసినప్పుడు, ఆ మాటకు తగిన పేజీలను సూచిక నుంచి ఎంచి, ఉపయోగాన్ని, నమ్మకాన్ని బట్టి వరుస కడతాయి. ఈ వరుసలో స్థానం డబ్బుకు అమ్మేది కాదు. డబ్బు చెల్లించిన వాటిని ప్రకటనలుగా విడిగా గుర్తు వేసి చూపుతారు. మన చిన్న దుకాణాల్లో చాలావరకు మొదటి రెండు అంచెల్లోనే ఆగిపోతున్నాయి.

బొమ్మ ఉంది.. మాట లేదు

కారణాల్లో మొట్టమొదటిది రాతలేమి. చీర ఫొటో పెట్టి, దాని మీదే ధర, ఫోన్ నంబరు ముద్రించి వదిలేస్తున్నారు. పేజీకి ‘చీర నంబరు 47’ అనో, ‘కొత్త స్టాకు’ అనో పేరు పెడుతున్నారు. బొమ్మలోని అక్షరాలపై ఆధారపడి సెర్చ్ ఇంజిన్ పేజీకి వరుస కడుతుందనుకోవడం భ్రమ. అదే పేజీకి ‘మంగళగిరి చేనేత నూలు చీర - నిజాం అంచు, జరీ పైట, చిలకపచ్చ’ అని శీర్షిక పెట్టి, కింద పడుగు పేకల కౌంటు, పొడవు, రవికె గుడ్డ ఉందో లేదో, రంగు దిగుతుందో లేదో, ఉతికే పద్ధతి, నేయడానికి పట్టిన రోజులు, నేసిన ఊరు రాస్తే యంత్రానికీ అర్థమవుతుంది, మనిషికీ నమ్మకం కుదురుతుంది. ప్రతి ఫొటోకు అందులో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పే వివరణ జోడించే వీలు దాదాపు అన్ని వెబ్‌సైట్లలోనూ ఉంది. దానిని ఖాళీగా వదిలేయడం చేజేతులా బేరాన్ని వదులుకోవడమే.

రెండో లోపం భాషది. నేత ఇంట్లో వాడే మాట వేరు, కొనేవారు టైపు చేసే మాట వేరు. నేతన్న ‘ఎనభయ్యో నంబరు’ అంటాడు. కొనే ఉద్యోగిని ‘ఆఫీసుకు కట్టుకునే తేలిక కాటన్ చీర’ అని వెతుకుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం ‘పెళ్లిలో పెట్టడానికి చేనేత పంచెల చాపు’ అని వెతుకుతుంది. దుస్తులు కుట్టించి అమ్మేవారు ‘మీటర్ల లెక్కన మంగళగిరి గుడ్డ’ కోసం చూస్తారు. ఈ ముగ్గురికీ ఒకే పేజీ సరిపోదు. ఎవరి అవసరానికి తగ్గ పేజీ వారికి ఉండాలి. ఆంగ్లంలో రాసిన వివరాల పక్కనే తెలుగు వివరాలూ విడి పేజీలో ఉంచితే తెలుగులో వెతికే వారికీ దారి దొరుకుతుంది. ఊరి పేరును ఆంగ్లంలో రకరకాల స్పెల్లింగులతో రాసేవారున్నారన్నది నిజమే. అయితే చిన్నచిన్న అక్షర భేదాలను సెర్చ్ ఇంజిన్లు చాలావరకు తమంతట తామే సరిచేసుకుంటున్నాయి. అందుచేత ఆ స్పెల్లింగులన్నీ పేజీ నిండా కుక్కవలసిన పనిలేదు. అలా కుక్కడం నియమాలకు విరుద్ధం కూడా.

అమ్ముడైతే అడ్రసు గల్లంతు

చేతివృత్తుల దుకాణాలకే ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. మిల్లు గుడ్డ వేల తానులు ఒకే రకంగా వస్తుంది. దాని పేజీ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. చేనేత చీర, దుర్గి శిల్పం, పాతకాలపు ఇత్తడి సామాను వంటివి ఒక్కొక్కటీ ఒక్కో తీరు. ఆ ఒక్కటీ అమ్ముడుపోగానే పేజీని తీసేస్తారు. అప్పటిదాకా ఆ పేజీకి వచ్చిన గుర్తింపు, ఇతరులు ఇచ్చిన లింకులు అన్నీ వృథా అవుతాయి. వెతుక్కుంటూ వచ్చినవారికి ‘పేజీ లేదు’ అన్న సమాధానం ఎదురవుతుంది.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ‘మంగళగిరి నూలు చీరలు’, ‘కుప్పడం పట్టు చీరలు’, ‘దుర్గి రాతి విగ్రహాలు’ వంటి రకాలవారీ పేజీలను శాశ్వతంగా ఉంచాలి. ఆ నేత విశేషం, చరిత్ర, అసలును గుర్తించే పద్ధతి అక్కడ వివరంగా రాయాలి. ఒక్కొక్క వస్తువు వచ్చినా పోయినా ఈ పేజీ కదలకూడదు. అమ్ముడైన వస్తువు పేజీని వెంటనే చెరపకుండా ‘అమ్ముడైంది, ఇటువంటివి ఇక్కడ చూడండి’ అని ఉంచడమో, వచ్చినవారిని రకం పేజీకి మళ్లించడమో చేయాలి. ఈ ఒక్క మార్పుతో దుకాణం పునాది గట్టిపడుతుంది.

వాట్సప్ బేరం మేలే.. కానీ!

ప్రస్తుతం అనేక నేత కుటుంబాలు వాట్సప్ గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ద్వారా విక్రయాలు సాగిస్తున్నాయి. తెలిసినవారికి, ఒకసారి కొన్నవారికి మళ్లీ అమ్మడానికి ఇవి ఎంతో ఉపకరిస్తాయి. కాకపోతే వాట్సప్ గ్రూపులో పెట్టిన ఫొటో గూగుల్‌లో వెతికేవారికి కనిపించదు. కొత్తవారు రావాలంటే బహిరంగంగా ఉండే పేజీ తప్పనిసరి.

పెద్ద ఈ-కామర్స్ సంస్థల సంగతి మరో రకం. అమెజాన్ ‘కారీగర్’ పేరిట, ఫ్లిప్‌కార్ట్ 2019లో ప్రారంభించిన ‘సమర్థ్’ పేరిట చేతివృత్తుల వారికి చోటు కల్పిస్తున్నాయి. కేంద్ర జౌళి శాఖ 2023లో ‘ఇండియా హ్యాండ్‌మేడ్’ పోర్టల్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఆప్కో కూడా ఆన్‌లైన్ విక్రయాల బాట పట్టింది. చేతితో చేసిన వస్తువులు, కనీసం 20 ఏళ్ల పాతవైన వస్తువులు అమ్మేందుకు అమెరికా కేంద్రంగా 2005లో మొదలైన ‘ఎట్సీ’ వేదిక ఉంది. అక్కడ ఒక్కో వస్తువుకు 13 వరకు ట్యాగులు తగిలించుకునే వీలుంది. వాటిని ఖాళీగా వదిలేసేవారు వెనుకబడతారు. అయితే ఈ వేదికలన్నిటిలోనూ వరుసను నిర్ణయించేది ఆ సంస్థే. కొనుగోలుదారు సైతం ఆ సంస్థ ఖాతాదారే. నియమం మారితే ఒక్క రోజులో దుకాణం మరుగున పడవచ్చు. అందుచేత వేదికలపై అమ్ముతూనే సొంత వెబ్‌సైట్‌ను పెంచుకోవడం మేలు. వేదిక అద్దె కొట్టు అయితే సొంత సైటు సొంత ఇల్లు.

ఖర్చు లేని పనిముట్లు

దుకాణం ఎందుకు కనిపించడం లేదో తెలుసుకోవడానికి వేలు ఖర్చు చేయనక్కరలేదు. ‘గూగుల్ సెర్చ్ కన్సోల్’ ఉచితం. ఏ మాటతో వెతికినప్పుడు మన పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది లోపలికి వచ్చారు, ఏ పేజీలు సూచికలోకి ఎక్కలేదు అన్నది అది చూపుతుంది. ‘మర్చంట్ సెంటర్’లో వస్తువు పేరు, ధర, నిల్వ, ఫొటో వివరాలు నమోదు చేస్తే ప్రకటన రుసుము లేకుండానే షాపింగ్ ఫలితాల్లో చోటు దక్కే అవకాశముంది. మంగళగిరి బజారులోనో, చీరాలలోనో కొనుగోలుదారులు వచ్చే దుకాణం ఉన్నవారు ‘బిజినెస్ ప్రొఫైల్’ నమోదు చేసుకుంటే మ్యాపులో కనిపిస్తారు. కేవలం ఆన్‌లైన్‌లో అమ్మేవారికి మాత్రం ఇది వర్తించదు.

సైటు సెల్‌ఫోన్‌లో త్వరగా తెరుచుకోవడం మరో ముఖ్యాంశం. గూగుల్ ఇప్పుడు సైట్ల మొబైల్ రూపాన్నే ప్రాతిపదికగా తీసుకుని సూచిక తయారుచేస్తోంది. కెమెరా నుంచి తీసిన భారీ ఫొటోలను పరిమాణం తగ్గించకుండా ఎక్కిస్తే పేజీ తెరుచుకునేలోగా కొనుగోలుదారు మరో దుకాణానికి వెళ్లిపోతాడు.

‘మొదటి పేజీ’ బేరగాళ్లతో జాగ్రత్త

ఈ అవసరాన్ని సొమ్ము చేసుకునే వారికీ కొదవలేదు. ‘నెలలో గూగుల్ మొదటి పేజీకి తెస్తాం, గ్యారంటీ’ అంటూ చిన్న వ్యాపారులకు ఫోన్లు చేసి వేలల్లో వసూలు చేయడం దేశమంతటా ఉన్నదే. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెబుతోంది. చేసిన మార్పుల ఫలితం కనబడడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందనీ పేర్కొంటోంది. పేజీ వెనుక దాచి ఉంచే ‘కీవర్డ్స్’ ట్యాగును వరుస కట్టడానికి వాడడం లేదని ఆ సంస్థ 2009లోనే ప్రకటించింది. అయినా ఆ పని పేరుతో నేటికీ బిల్లులు వేసేవారున్నారు. డబ్బిచ్చి లింకులు కొనడం, నకిలీ సమీక్షలు రాయించడం నియమాలకు విరుద్ధం. పట్టుబడితే సైటు ఫలితాల నుంచే తొలగిపోయే ప్రమాదముంది. అటువంటి వారికి వెబ్‌సైట్ పాస్‌వర్డు, డొమైన్ పేరు అప్పగించడం ఇంటి తాళాలు అప్పగించడంతో సమానం. డొమైన్ ఎప్పుడూ దుకాణదారు పేరు మీదే ఉండాలి.

లింకులు కొనకుండానే సంపాదించుకునే మార్గాలు మనకున్నాయి. వస్త్రాలపై రాసే పత్రికలు, ప్రవాస తెలుగు సంఘాల సైట్లు, ఫ్యాషన్ కళాశాలలు, పర్యాటక సైట్లు చేనేత గురించి నమ్మదగిన సమాచారం కోసం చూస్తుంటాయి. మరమగ్గం చీరకు, చేమగ్గం చీరకు తేడా ఎలా కనిపెట్టాలో నేసేవారి కంటే బాగా చెప్పగలవారెవరు? ఆ ఒక్క విషయాన్ని ఫొటోలతో సహా చక్కగా రాసి పెట్టిన సైటుకు లింకులు వాటంతట అవే వస్తాయి.

ఇప్పుడు సమాధానమే చెబుతున్న యంత్రం

2024 ఆగస్టులో భారత్‌లో గూగుల్ కృత్రిమ మేధ సారాంశాలు ప్రవేశపెట్టడంతో పరిస్థితి మరో మలుపు తిరిగింది. ‘మంగళగిరి చీర ప్రత్యేకత ఏమిటి?’ అని అడిగితే లింకుల వరుస కంటే ముందే సమాధానం పేర్చి చూపే రోజులివి. అడిగినవారు ఏ సైటుకూ వెళ్లకుండానే తృప్తిపడి వెళ్లిపోవచ్చు. అయితే ఆ సమాధానం కూడా ఎక్కడో ఎవరో రాసిన పేజీల నుంచే తయారవుతుంది. నేసేవారు రాయకపోతే అమ్మేవారు రాసినదే సత్యంగా చలామణి అవుతుంది. మరమగ్గం వ్యాపారి రాసిన వర్ణనే మంగళగిరి నేతకు నిర్వచనంగా మారే ముప్పు పొంచి ఉంది. ఇది అమ్మకాలకు మించిన నష్టం.

ఒంటరిగా కాదు.. ఉమ్మడిగా

ఉదయం నుంచి రాత్రి వరకు మగ్గానికి అంకితమయ్యే నేత కార్మికుడు ఈ పనులన్నీ స్వయంగా చేసుకోవాలనడం న్యాయం కాదు. పైగా అతడిలో చాలామంది మాస్టర్ వీవర్ల వద్ద మజూరీకి నేసేవారే. చీర వారి సొంతం కానప్పుడు వెబ్‌సైట్ ఎవరికి? ఈ చేదు నిజాన్ని పక్కనపెట్టి ‘ఆన్‌లైన్’ మంత్రం పఠిస్తే ప్రయోజనం శూన్యం. శోధన ఫలితాల్లో దుకాణం పైకి రావడం వల్ల మాస్టర్ వీవరు లాభం పెరిగి, మజూరీ మాత్రం పెరగకపోతే మగ్గాల సంఖ్య తగ్గుతూనే ఉంటుంది.

అందుచేత ఈ బాధ్యత సహకార సంఘాలది, చేనేత, జౌళి శాఖది. భౌగోళిక గుర్తింపు పొందిన ఒక్కో నేతకు ఒక్కో ఉమ్మడి వెబ్‌సైట్ ఉండాలి. అధీకృత నేతకారులు, సంఘాల వివరాలు అందులో ఉండాలి. ఒక్కో సంఘానికి ఫొటోలు తీసి, వివరాలు రాసి, ఆర్డర్లు చూసే ఒక్క మనిషి ఉన్నా చాలు. నేత కుటుంబాల నుంచే డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిన యువతీయువకులు ఎంతోమంది వస్తున్నారు. తల్లిదండ్రుల మగ్గం ఎక్కడానికి వారు ఇష్టపడకపోవచ్చు, ఆ మగ్గంపై నేసిన చీరను లోకానికి చూపే ఉద్యోగం ఇస్తే కాదనకపోవచ్చు. విజయవాడలోని వీవర్స్ సర్వీస్ సెంటర్ వంటి సంస్థలు రంగులు, డిజైన్లపై ఇచ్చే శిక్షణకు తోడు వస్తువు వివరాలు రాయడం, ఫొటో తీయడంపైనా శిక్షణ ఇప్పించవచ్చు. సంఘం సైటు ద్వారా వచ్చిన అమ్మకాల్లో అదనపు లాభం నుంచి నేసినవారికి ఎంత వాటా చెందాలో ముందుగానే తీర్మానం చేసుకోవాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి చీరాల బాపట్ల జిల్లాలోకి, దుర్గి పల్నాడు జిల్లాలోకి వెళ్లాయి. పాత జిల్లా పేర్లతోనే ఉన్న చిరునామాలను సరిదిద్దుకోవడం ఈ పనిలో తొలి మెట్టు కావచ్చు. వెబ్‌సైట్‌లో ఒక చిరునామా, మ్యాపులో మరొకటి, బిల్లుపై ఇంకొకటి ఉంటే కొనుగోలుదారుకే అనుమానం కలుగుతుంది.

పండుగ సీజన్ ముంగిట ఒక రోజు వెచ్చించి సంఘాల బాధ్యులు, దుకాణదారులు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. తమ ఊరి నేత పేరును సెల్‌ఫోన్‌లో టైపు చేసి, మొదటి పేజీలో ఉన్నవి ఎవరి దుకాణాలో, అందులో తమ ఊరివి ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. ఆరు నెలల తరువాత మళ్లీ అదే పరీక్ష చేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ మధ్యకాలంలో ఏం చేశామన్న ప్రశ్నకు సమాధానం అధికారులూ చెప్పాలి, సంఘాలూ చెప్పాలి.